ఇంటి గిన్నెకు పది సెంట్లు

కారంపూడి: శనక్కాయ పీకి, ఎండబోసి, తూర్పారబట్టిన రోజున మీ కల్లంలో ఏం జరుగుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నిండుకాయ బస్తాల్లోకి, బస్తాలు బండి మీదికి. తాలు కాయ, ముడతలు పడ్డ గుళ్లు, చేటలో మిగిలింది ఇంట్లోకి. పాడి ఉన్న ఇంట్లోనూ ఇదే తీరు. చిక్కటి పాలు కేంద్రానికి, నీళ్ల మజ్జిగ పిల్లలకు. గట్టు మీద జామచెట్టు ఉంటే నాలుగు మంచి కాయలు గంపలోకి, చిలక కొట్టినవి ఇంటికి. ఆ డబ్బుతో సాయంత్రం కొట్లో బిస్కెట్ పొట్లం కొనుక్కొస్తాం. పండించేవాడి ఇంట్లో పండు లేకపోవడం మన పల్నాట కొత్తేమీ కాదు గాని, దాని ఫలితం ఇప్పుడు లెక్కల్లో కనబడుతోంది.

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో అయితే నూటికి 63 మందికి. మిరప కోతకు పోయి మధ్యాహ్నానికే కళ్లు తిరుగుతున్నాయనే ఆడకూలీ, బళ్లో రెండో పీరియడుకే తల వాల్చే పిల్ల ఈ లెక్కలోని వాళ్లే. కాబట్టి ఈ వారం పురుగు మందుల గురించి, ధరల గురించి కాకుండా ఒక గిన్నె తిండి గురించి చెప్పుకుందాం. ఇది వంటింటి విషయమే కదా అని పేజీ తిప్పేయకండి. చివరికి వచ్చేసరికి ఇది సేద్యం లెక్కే అవుతుంది.

పేరు కొత్త, సరుకు పాతదే

పట్నాల్లో ఇప్పుడు 'స్మూతీ బౌల్' అనే తిండి నడుస్తోంది. మీ పిల్లలు ఫోన్లో చూసే ఉంటారు. పండును పెరుగుతో కలిపి చిక్కగా గుజ్జు చేసి గిన్నెలో పోస్తారు. పైన పండు ముక్కలు, వేయించిన గింజలు, పప్పులు చల్లి చెంచాతో తింటారు. అంతే. దీని పుట్టుక కూడా గొప్పింటిది కాదు. బ్రెజిల్ దేశంలో అమెజాన్ నది పక్క జనం అసాయి అనే పండును పిసికి, చిక్కటి గుజ్జు చేసి గిన్నెల్లో తింటారు. అది చూడటానికి మన ఈత, తాటి జాతి చెట్టు. పేదల రోజువారీ తిండిగా ఉన్నది పట్నాలకు చేరి, పైన నాలుగు రకాల పప్పులు పడి, ఖరీదైన పలహారమై కూర్చుంది.

మనకూ అలాంటి గిన్నె ఒకటుండేది. దాని పేరు అంబలి. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెప్పుకుంటారు. ఆయన విసుక్కుంటే విసుక్కున్నాడు గాని, ఆ జొన్న, సజ్జ తిన్న తరాలే ఈ రాతి నేలను సాగు చేశాయి. 1967లో సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలాక, కాలువ అందిన పొలాల్లో వరి వచ్చింది. తర్వాత పత్తి, మిరప వచ్చాయి. జొన్నచేను పక్కకు జరిగింది. రూపాయి పెరిగింది, అది మంచిదే. గిన్నె మాత్రం తెల్లన్నం, మిరప పచ్చడి దగ్గర ఆగిపోయింది. ప్రపంచ దేశాలన్నీ 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాయి. ఆ ఏడాది మార్చిలోనే మన బడుల్లో రాగి జావ మొదలుపెట్టారు. బళ్లో పిల్లవాడికి దొరికేది ఇంట్లో వాడి తల్లికి ఎందుకు దొరకకూడదు?

సజ్జ అంబలికి జామ ముక్క తోడు

పట్నం వాళ్ల గిన్నెలో ఉండేది పండు, పెరుగు, పప్పులు. మన గిన్నెలో వీటికి అడుగున సజ్జ అంబలి గాని, జొన్న అంబలి గాని ఉండాలి. కారణం ఉంది. పండు, పెరుగు మాత్రమే తిని చేలోకి పోతే పది గంటలకే ఆకలేస్తుంది. అంబలి కడుపులో నిలబడుతుంది. పైగా సజ్జల్లో ఇనుము ఎక్కువ. నూరు గ్రాములకు 6 నుంచి 8 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు.

అయితే ధాన్యంలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. గింజలోనే ఉండే కొన్ని పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. ఆ పట్టు వదిలించడానికి రెండు దారులు. ఒకటి పిండిని రాత్రంతా పులియబెట్టడం. మన ముసలమ్మలు చేసింది అదే. రెండోది, దానితోపాటు సి విటమిన్ ఉన్న పండు తినడం. మన దగ్గర దొరికే పండ్లలో ఉసిరి తర్వాత చెప్పుకోవాల్సింది జామే. నూరు గ్రాముల జామలో 200 మిల్లీగ్రాముల దాకా సి విటమిన్ ఉంటుంది. బత్తాయిలో అందులో నాలుగో వంతే. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కిశోర వయసు పిల్లలకు వరి భోజనంతో జామపండు ఇచ్చి పరీక్షించారు. ఇనుము ఒంటికి పట్టడం రెట్టింపుకు మించి పెరిగింది. ఆ ఫలితం 2013లో అచ్చయింది. యాపిల్ పండు కొనలేకపోయామని మీరు బాధపడనక్కర్లేదు. ఈ పనికి మన గట్టు మీది జామ ముందు యాపిల్ చాలదు.

తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉంటే మాత్రం ఈ కష్టమంతా వృథా. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట ఆగి తాగండి.

చేసే తీరు

నలుగురికి సరిపడే కొలత ఇది. రాత్రి 60 గ్రాముల సజ్జపిండిని, అంటే గుండుగా నాలుగైదు పెద్ద చెంచాలు, అర లీటరు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, రెండు చెంచాల మజ్జిగ పోసి మూత పెట్టండి. కుండ అయితే మరీ మంచిది. తెల్లారి సన్న సెగ మీద కలియబెడుతూ పదిహేను నిమిషాలు ఉడికించండి. చిక్కబడ్డాక దించి బాగా చల్లారనివ్వాలి. వేడి అంబలిలో పెరుగు పోస్తే విరిగినట్టవుతుంది.

చల్లారిన అంబలిలో పావు లీటరు గట్టి పెరుగు పోయండి. బాగా మగ్గిన అరటిపండ్లు మూడు ఒలిచి వేసి పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ ఉంటే ఒక తిప్పు తిప్పవచ్చు. లేకపోయినా పర్వాలేదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లకు పప్పుగుత్తే మేలు. తొక్క మీద నల్ల మచ్చలు వచ్చిన కర్పూర అరటి, చక్కెరకేళి దీనికి బాగుంటాయి. వాటి తీపి చాలు, బెల్లం వేయక్కర్లేదు. పచ్చితనం ఉన్న పండు వేస్తే వగరొస్తుంది. గుజ్జు ఎంత చిక్కగా ఉండాలంటే, పైన వేసిన ముక్క మునగకూడదు. పలచబడితే అది అంబలే. తాగడానికి బాగుంటుంది గాని పైన పప్పులు నిలవవు.

ఇక పైన వేసేవి. రెండు జామకాయలు చిన్న ముక్కలు చేసి గిన్నెలకు పంచండి. వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్లు మనిషికి 20 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు, కచ్చాపచ్చాగా దంచి చల్లండి. నువ్వులు మనిషికి ఒక చెంచా. వీటిని దోరగా వేయించి నలగ్గొట్టి వేయాలి. మొత్తం గింజలు వేస్తే చాలావరకు నమలకుండానే మింగేస్తాం, అవి వచ్చిన దారినే పోతాయి. పొట్టు తీయని నువ్వుల్లో నూరు గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. గుమ్మడికాయ కోసినప్పుడు పారేసే గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, పెనం మీద చిటపటలాడించి పొట్టు ఒలిస్తే అవీ పనికొస్తాయి. పట్నంలో వీటినే చిన్న ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. బాదం, జీడిపప్పు లేవని ఆగకండి. మాంసకృత్తుల్లో వేరుశనగ వాటికి ఏమాత్రం తీసిపోదు. నూరు గ్రాములకు 25 గ్రాముల దాకా ఉంటాయి.

సజ్జపిండి ఎక్కువ పట్టించి పెట్టుకోవద్దు. అందులో నూనె ఉంటుంది కనుక వారం పది రోజుల్లో చేదెక్కుతుంది. గింజలుగా నిలవ ఉంచి, వారానికి సరిపడా పట్టించుకోండి.

అరటి దొరకని రోజుల్లో కాలం ఇచ్చిన పండు వాడండి. ఎండాకాలం మామిడి, తొలకరిలో నేరేడు, శీతాకాలంలో సపోటా, సంక్రాంతికి రేగు. బొప్పాయి ఏడాది పొడుగునా ఉంటుంది. కానీ బొప్పాయి కలిపిన పెరుగు నిలవ ఉంటే చేదవుతుంది. కలిపిన వెంటనే తినేయాలి, సద్ది కట్టకూడదు. దసరా దాటాక కొండల నుంచి వచ్చే సీతాఫలం గుజ్జు ఈ గిన్నెకు అన్నిటికన్నా రుచి. అయితే దాన్ని మిక్సీలో వేయకండి. ఆ గింజలు నలిగితే విషం. గుజ్జును జల్లెడ మీద వేసి చేత్తో రుద్ది, గింజలు తీసేశాకే కలపండి. గింజలు నూరిన చేయి కంట్లో పెట్టుకుంటే చూపుకే ప్రమాదం.

నాసి సరుకు ఇంటికి తేవద్దు

మొదట్లో చెప్పిన తాలు కాయ సంగతికి వద్దాం. ముడతలు పడి, రంగు మారి, పచ్చటి బూజు పట్టిన శనగ గుళ్లలో ఒక రకం శిలీంధ్రం పెరుగుతుంది. అది తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి తింటే క్యాన్సర్‌కూ దారి తీస్తుంది. వేయించితే పోతుందనుకుంటారు, పూర్తిగా పోదు. ఎగుమతి వ్యాపారి ఈ విషం ఉందేమోనని సరుకును పరీక్ష చేయించి, ఉంటే తిప్పి పంపిస్తాడు. పై దేశం వాడు వద్దన్న గింజను మనం ఏరి పిల్లలకు పెడుతున్నాం! ఇకనుంచి తిరగేసి చేయండి. కల్లంలో ముందు ఇంటికి కావలసిన నిండుకాయ తీసి పక్కన పెట్టి, తర్వాత బస్తాలు కట్టండి. బూజు పట్టినవి పశువులకు కూడా పెట్టకూడదు, పాలలోకి వస్తుంది. కాయను చెవి దగ్గర ఆడిస్తే గలగలమనే దాకా ఎండబెట్టి, తడి తగలని చోట గోనె సంచుల్లో, నేలకు ఎత్తుగా చెక్కల మీద పెట్టుకోండి.

పండ్ల విషయంలో మిరప రైతులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గట్టు మీది జామకు, పెరట్లోని బొప్పాయికి మనం మందు కొట్టం. కాని గాలివాటున మిరపచేలో కొట్టిన మందు దాని మీదా పడుతుంది. కొట్టిన మందు డబ్బా మీద కోతకు ఎన్నాళ్లు ఆగాలో రాసి ఉంటుంది. అన్నాళ్లూ ఆ గాలివాటు చెట్టు కాయ కూడా కోయవద్దు. కోసిన కాయను రెండు మూడు నీళ్లలో చేత్తో రుద్ది కడగండి. మందు కలిపిన బకెట్టు, ఖాళీ అయిన డబ్బా ఎంత కడిగినా పెరుగుకు, నీళ్లకు వాడకూడదు. ఇది చెప్పనక్కర్లేదనుకుంటాం గాని, ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

కాయలు మగ్గబెట్టడానికి కార్బైడ్ పొట్లం వాడటం చట్టప్రకారం నిషేధం. ఇంట్లో అయితే ఎండుగడ్డిలో గాని, బియ్యం డబ్బాలో గాని పెడితే రెండు మూడు రోజుల్లో అరటి, మామిడి, సపోటా వాటంతటవే మగ్గుతాయి. ఒక మగ్గిన పండు వాటి మధ్య పెడితే ఇంకా తొందరగా పండుతాయి.

ఎవరికి ఎంత, ఎవరు ముందు

ఐదేళ్లలోపు పిల్లలకు మొత్తం శనగ గుళ్లు పెట్టవద్దు. గొంతులో అడ్డం పడతాయి. మెత్తగా పొడి చేసి కలిపి పెట్టండి. శనక్కాయ తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లుంటారు, వాళ్లు మానేయాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు అరటి తగ్గించి, జామ ముక్కలు పెంచుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు అరటి తినే ముందు డాక్టర్ని అడగాలి. గర్భిణులు పచ్చి బొప్పాయి జోలికి పోవద్దు. మిగతా పండ్లన్నీ హాయిగా తినవచ్చు.

ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. రక్తం బాగా తగ్గినవాళ్లకు ఈ గిన్నె మందు కాదు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలు మానకూడదు. చెప్పుల్లేకుండా తడి నేలల్లో తిరిగేవాళ్లకు కడుపులో కొంకిపురుగులు చేరి రక్తం పీలుస్తాయి. బడుల్లో నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజున పిల్లల్ని బడి మాన్పించవద్దు.

అన్నిటికన్నా కష్టమైన సంగతి వేరే ఉంది. గిన్నె బాగానే తయారవుతుంది, అది ఎవరి ముందుకు పోతుంది? ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, అడుగున గీకితే మిగిలింది చేసినావిడకు. రక్తం ఎవరికి తక్కువగా ఉందో వాళ్లకే చివరి వంతు. పన్నెండో శతాబ్దంలో ఈ కారంపూడిలోనే బ్రహ్మనాయుడు కులం చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని చెప్పుకుంటాం. ఏటా కార్తీకంలో నాగులేరు ఒడ్డున వీరుల ఉత్సవాల్లో, మందపోరు నాడు ఆ చాపకూడు ఇప్పటికీ సాగుతోంది. ఊరందరికీ ఒకే చాప పరిచిన మనం ఇంట్లో ఆడవాళ్లకు పక్కన చోటు ఇవ్వలేమా? గిన్నెలు నాలుగూ ఒకేసారి నింపి, నలుగురూ ఒకేసారి కూర్చుంటే ఈ చిక్కు తీరుతుంది.

పది సెంట్ల లెక్క

ఇప్పుడు సేద్యం లెక్క. నలుగురున్న ఇంట్లో రోజూ ఈ గిన్నె తినాలంటే ఏడాదికి ఎంత కావాలి?

వేరుశనగ గుళ్లు రోజుకు 80 గ్రాముల చొప్పున ఏడాదికి 29 కిలోలు. నూరు కిలోల కాయకు 70 కిలోల గుళ్లు వస్తాయనుకుంటే 42 కిలోల కాయ కావాలి. ఎకరాకు పది క్వింటాళ్ల కాయ పండే చేలో అది నాలుగు సెంట్ల పైచిలుకు. నువ్వులు రోజుకు 20 గ్రాములు, ఏడాదికి ఏడు కిలోల పైమాట. ఎకరాకు మూడు క్వింటాళ్లు పండితే రెండున్నర సెంట్లు. సజ్జలు 60 గ్రాముల చొప్పున 22 కిలోలు. ఎకరాకు పది క్వింటాళ్ల లెక్కన రెండు సెంట్ల చిల్లర. మొత్తం కలిపితే తొమ్మిది సెంట్లు. మిగిలిన ఒక్క సెంటు జామ, బొప్పాయి, అరటికి. వెరసి పది సెంట్లు. రెండెకరాల రైతుకు ఇది ఇరవయ్యో వంతు భూమి. మీ చేలో దిగుబడి ఇంతకు సగమే అయితే పది కాదు, ఇరవై సెంట్లు అనుకోండి. అయినా ఒక కారు మిరపలో తెగులు సోకి పోయే చోటు అంతకన్నా ఎక్కువే ఉంటుంది కదా.

పాలు పోసే ఇంట్లో రోజుకు పావు లీటరు ఆపుకుంటే పెరుగుకు సరిపోతుంది. పండు విషయంలో మనిషికి రోజుకు నూరు గ్రాములు తినాలని పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో ఉంది. పైన చెప్పిన మూడు అరటిపండ్లు, రెండు జామకాయలతో ఆ లెక్క తీరిపోతుంది.

కౌలు రైతులకు ఇబ్బంది ఉంది, కాదనను. ఒక ఏటి కౌలు చేలో జామచెట్టు ఎవరు నాటనిస్తారు? వాళ్లు నువ్వులు, సజ్జల మీద దృష్టి పెట్టాలి. ఈ రెండూ మూడు నెలల్లోపే చేతికొస్తాయి. నీటి వసతి ఉంటే జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి లోపు నువ్వు విత్తుకోవచ్చు. ఎకరాకు రెండున్నర కిలోల విత్తనం చొప్పున మూడు సెంట్లకు 75 గ్రాములు చాలు. మూడు రెట్లు ఇసుక కలిపి చల్లితే సమంగా పడుతుంది. పండ్ల మొక్కలు ఇంటి ముంగిట స్నానం నీళ్లు పారే చోట పెట్టుకోండి.

బొప్పాయికి నీళ్లు నిలిచే చోటు పనికిరాదు. నల్లరేగడిలో మొదలు కుళ్లి రెండు రోజుల్లో వాలిపోతుంది. అడుగు ఎత్తున మట్టి ఎగదోసి గట్టు మీద నాటండి. నాటు రకం అయితే గుంతకు మూడు మొక్కలు పెట్టి, పూత వచ్చాక కాయ కాసే చెట్టు ఉంచి మిగతావి తీసేయాలి. పది ఆడచెట్లకు ఒక పోతుచెట్టు మాత్రం ఉండనివ్వాలి. నాటిన తొమ్మిది పది నెలలకు పండు తినవచ్చు. అరటికి పక్కింటి పిలక అడిగి తెచ్చుకుంటే సరి. జామకు గింజ మొక్క కాకుండా లక్నో-49 గాని, అలహాబాద్ సఫేదా గాని అంటుమొక్క నమ్మకమైన నర్సరీలో తీసుకోండి. మొదటి ఏడాది వచ్చిన పూతను మాత్రం తుంచేయండి. పిల్లలు ఒప్పుకోరు, అయినా తుంచాల్సిందే. కొమ్మ బలిశాక రెండో ఏటి నుంచి కాయ ఉంచుకోవచ్చు.